మా బావ నన్ను ‘మీరు’ అంటున్నాడు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. ఆరేళ్ళప్పుడు అమ్మా నాన్నా పోతే అక్కా బావా పెంచారు. బావకి మా ఊళ్ళో వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. నా ఎమ్మే దాకా ఫీజులన్నీ ఆ షాపు మీదే కట్టాడు. మూడు నెలల క్రితం నా నిశ్చితార్థం అయింది. అమ్మాయి వాళ్ళది పెద్ద చదువులున్న కుటుంబం. బావ ‘ఫ్యాబ్రికేషన్ బిజినెస్’ చేస్తాడని వాళ్ళకి చెప్పాను. ఆ రోజు బావ చేతుల మీద కాలిన మచ్చలు, గట్టిగా మాట్లాడటం, సాసర్లో పోసుకుని టీ తాగటం చూస్తుంటే నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. మా కాలేజీలో పనిచేసే ఒకాయన ‘ఆయనెవరు?’ అని అడిగితే ‘మా ఊరాయన’ అన్నాను. బావ నా వెనకే ఉన్నాడు, విన్నాడు. అప్పట్నుంచి ఫోన్లో నన్ను ‘మీరు’ అంటున్నాడు. పెళ్ళిలో అమ్మానాన్నల స్థానంలో పెదనాన్న వాళ్ళని కూర్చోబెట్టుకోమని అక్కతో చెప్పించాడు. నెల నెలా డబ్బు పంపుతున్నాను, ఫ్రిజ్ కొనిచ్చాను. ఏమీ మారలేదు. ఈ సెమిస్టర్‌లో డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చెప్తున్నాను. జో లండన్ వచ్చే సీను దగ్గర గొంతు పూడుకుపోయింది. ఒక అమ్మాయి ‘సార్, ఇందులో తప్పు పిప్‌దా, సమాజానిదా?’ అని అడిగింది. జవాబు చెప్పలేక క్లాసు ముందే వదిలేశాను. మీరు చెప్పండి, తప్పు నాదా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ‘మా ఊరాయన’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. దాన్ని దాచకుండా రాశారు, అందుకే నేనూ దాచకుండా రాస్తాను.

మీరు నవల పేరెత్తారు కాబట్టి అందులోంచే మాట్లాడదాం. ఆ కథ మీకు నాకంటే బాగా తెలుసు. కానీ ఈ జవాబు చదివే మిగతావాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ తన సొంత వారపత్రికలో దీన్ని సీరియల్‌గా వేశాడు. కెంట్ ప్రాంతంలో, చిత్తడి నేలల పక్కన ఒక పల్లె. అమ్మానాన్నలు లేని పిప్‌ని అక్క పెంచుతుంది. ఆమె భర్త జో కమ్మరి. ఇంగ్లీషులో ‘బ్రదర్ ఇన్ లా’ అన్న మాటలో ఏ రుచీ లేదు. మన వరసలో చెప్తే జో పిప్‌కి బావ. అక్క చెయ్యి చేసుకునే మనిషి. ఆ ఇంట్లో పిల్లవాడికి మిగిలిన తోడు బావ ఒక్కడే. ఆ బావనే, తర్వాత ఎవరో తెలియని దాత డబ్బుతో లండన్‌లో దొరబాబు అయ్యాక, పిప్ దూరం పెడతాడు.

మీ విద్యార్థిని అడిగింది మంచి ప్రశ్న. దాన్ని పట్టుకునే నడుద్దాం.

పిప్‌కి పుట్టుకతో ఆ సిగ్గు లేదు. మిస్ హావిషామ్ అనే ధనవంతురాలి ఇంటికి వెళ్ళే రోజు వరకు తన చేతుల వంక చూసుకోవాల్సిన అవసరమే వాడికి రాలేదు. పేకాటలో ‘నేవ్’ అనాల్సిన ముక్కని ‘జాక్’ అన్నాడని ఆమె పెంచుకుంటున్న ఎస్టెల్లా నవ్వింది. చేతులు మొరటు, బూట్లు మందం అంది. ఒక్క మధ్యాహ్నంలో వాడి చేతులు వాడికే పరాయివైపోయాయి. జాక్ అనమని నేర్పింది జోయే. అందుకే, జో ఇంకాస్త మర్యాదగా పెరిగి ఉంటే నేనూ అలా పెరిగేవాణ్ణి కదా అని ఆ పిల్లవాడు అనుకుంటాడు. ఆ సిగ్గు ఒక్క పూటలోనే బావ మీదికి తిరిగింది.

చేత్తో పని చేసేవాడు తక్కువ, చెయ్యి నలగకుండా బతికేవాడు జెంటిల్‌మన్ అన్న లెక్క మీద నడిచే సమాజం అది. డికెన్స్ ఆ లెక్కని ఎలా పగలగొట్టాడో చూడండి. పిప్ వేసుకున్న మంచి బట్టలకి డబ్బు వచ్చింది, వాడనుకున్నట్టు మిస్ హావిషామ్ దగ్గర్నుంచి కాదు. మాగ్‌విచ్ అనే ఖైదీ దగ్గర్నుంచి. న్యూ సౌత్ వేల్స్‌కి ద్వీపాంతరం పోయి, అక్కడ గొర్రెలు మేపి, ఒళ్ళు విరుచుకుని సంపాదించిన సొమ్ము అది. పిప్ ఏ ఎస్టెల్లా ముందు చేతులు దాచుకున్నాడో, ఆ ఎస్టెల్లా ఆ ఖైదీ కూతురే. తల్లి లాయరు జాగర్స్ ఇంట్లో పనిమనిషి. అంటే గొప్ప పుట్టుక అనుకున్నదంతా ఎవరో తయారు చేసిందే. తెల్ల చేతుల వెనక ఎప్పుడూ ఇంకెవరివో కాలిన చేతులు ఉంటాయి. మీ డిగ్రీల వెనక ఎవరి చేతులున్నాయో మీరే రాశారు.

కాబట్టి ఆ సిగ్గు మీరు పుట్టించుకున్నది కాదు. కాలేజీ హాస్టల్లో మీ యాసకి ఎవరో నవ్వి ఉంటారు. ‘మీ ఫాదర్ ఏం చేస్తారు?’ అని ఇంటర్వ్యూలో ఎవరో అడిగి ఉంటారు. ‘వెల్డింగ్ షాపు’కీ ‘ఫ్యాబ్రికేషన్ బిజినెస్’కీ ఎంత తేడా ఉందో మీకు లోకమే నేర్పింది. ఆ పాఠం నేర్చుకున్నందుకు మిమ్మల్ని నేను తప్పు పట్టను. చిన్నప్పుడు తగిలిన దెబ్బ అది.

కానీ ‘మా ఊరాయన’ అన్న మాట ఎస్టెల్లా అనలేదు. లోకం అనలేదు. మీరన్నారు. ఈ రెంటినీ కలిపేస్తే మీకు నిద్ర పట్టదు. అంతా నాదే తప్పంటే మోయలేరు, అంతా సమాజానిదంటే మీ బావగారి ముఖం చూడలేరు. డికెన్స్ ఈ కథని బయటివాడి చేత చెప్పించలేదు, పెద్దవాడైన పిప్ నోటే చెప్పించాడు. ఎవరు ఏం నేర్పారో వివరంగా చెప్తాడు. అయినా జో విషయంలో తను చేసింది తన ఖాతాలోనే రాసుకుంటాడు. జో వస్తున్నాడని తెలిసినప్పుడు, డబ్బిచ్చి రాకుండా ఆపగలిగితే తప్పకుండా డబ్బిచ్చేవాణ్ణి అని ఒప్పుకుంటాడు. ఆ అమ్మాయికి ఇదే చెప్పండి.

అదే చోట పిప్ ఇంకో మాట అంటాడు. కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళకి నేను తరచూ చెప్పే మాట అది. జో తన గదికి వస్తే స్నేహితుడు హెర్బర్ట్ చూస్తాడని పిప్‌కి భయం లేదు. హెర్బర్ట్ మంచివాడు, వాడంటే గౌరవం. భయమంతా తోటి విద్యార్థి డ్రమ్మల్ చూస్తాడేమోనని. డ్రమ్మల్ అంటే పిప్‌కి పరమ అసహ్యం. మనం చేసే నీచమైన పనులు చాలావరకు మనకి ఏమాత్రం గౌరవం లేని మనుషుల కోసమే చేస్తాం అంటాడు. మీరు కూడా ఒక కాగితం తీసుకుని రాయండి. ఆ రోజు ఎవరి ముందు చెమట పట్టింది? కాబోయే భార్య ముందా, మామగారి ముందా, ‘ఆయనెవరు?’ అని అడిగిన ఆ తోటి ఉద్యోగి ముందా? ఆయన అభిప్రాయానికి మీ జీవితంలో నిజంగా ఎంత విలువుంది? పేరు రాసి, పక్కన ఆ విలువ రాయండి. ఆ కాగితం నాకు పంపక్కర్లేదు.

ఇప్పుడు ఆ ‘మీరు’ సంగతి. లండన్ గదిలో జో పిప్‌ని ‘సర్’ అంటాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక గూటి అంచున పెడితే అది మాటిమాటికీ కింద పడుతుంది. పిప్‌కి చిరాకు. అంత ఇబ్బంది పడ్డ జో వెళ్ళేటప్పుడు మాత్రం చాలా నిండుగా మాట్లాడతాడు. జీవితమంటే ఎన్నో విడిపోవడాలు కలిపి వెల్డింగ్ చేసినది అంటాడు. ఈ బట్టల్లో నేను సరిగ్గా ఇమడను, కొలిమి బట్టల్లో సుత్తి పట్టుకున్నప్పుడు వచ్చి కిటికీలోంచి చూడు, అప్పుడు నీకు నాలో ఇన్ని తప్పులు కనపడవు అంటాడు. ఆ మాట మళ్ళీ చదవండి. మీ బావగారి చేతులు నిశ్చితార్థం హాల్లో చూసి మీరు చెమటలు పట్టించుకున్నారు. అవే చేతుల్ని, ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఇనుము అతికేటప్పుడు చూసి ఎన్నేళ్ళయింది?

తర్వాత పిప్ అప్పులపాలై జ్వరంతో పడిపోతే జో వచ్చి సేవ చేస్తాడు. పిప్ బలహీనంగా ఉన్నన్నాళ్ళూ పాత పిలుపే, పాత చనువే. ఒంట్లో బలం వచ్చేకొద్దీ మళ్ళీ ‘సర్’ మొదలవుతుంది. పిప్‌కి అప్పుడు అర్థమవుతుంది. నిలబడగలిగితే నేను మళ్ళీ తనని వదిలేస్తానని జో అనుకుంటున్నాడు, అలా అనుకునేలా చేసింది నేనే అని. మీ బావగారి ‘మీరు’ కూడా ఇదే అని నాకనిపిస్తుంది. అది కోపం కాదు, దెప్పిపొడుపు కాదు. మీరు గీసిన గీత ఎక్కడుందో చూసుకుని, తనంతట తానే దాని అవతల నిలబడ్డాడు. పెళ్ళిపీటల మీద నుంచి తప్పుకోవడం కూడా అందుకే. మీకు ఇంకోసారి ఇబ్బంది రాకూడదని.

మీరు పంపే డబ్బు, ఫ్రిజ్ గురించి చదివితే నవలలో ఒక చిన్న సంగతి గుర్తొచ్చింది. పిప్ సొంత ఊరికి వెళ్ళి, జో ఇంట్లో దిగకుండా బ్లూ బోర్ అనే సత్రంలో ఉంటాడు. జో దగ్గరికి వెళ్ళనే వెళ్ళడు. తిరిగొచ్చాక మనసు ఒప్పక ఒక కాడ్ చేప, ఒక పీపాడు ఆల్చిప్పలు పంపిస్తాడు. వెళ్ళనందుకు పరిహారం. ఎంత మంచి చేపైనా జో ఎదురు చూసింది దాని కోసం కాదు. మీ అక్కగారింట్లో ఆ ఫ్రిజ్ కూడా అలాగే ఉందేమో. డబ్బు ఆపమనడం లేదు, పంపుతూనే ఉండండి. దానికీ దీనికీ సంబంధం లేదని మాత్రం తెలుసుకోండి.

డికెన్స్ ఇదంతా ఊహించి రాసింది కాదు. 1824లో తండ్రి ఒక బేకరీ వాడి బాకీ తీర్చలేక మార్షల్సీ జైలుకి వెళ్ళాడు. పన్నెండేళ్ళ చార్లెస్ థేమ్స్ నది ఒడ్డున బూటు పాలిష్ ఫ్యాక్టరీలో పాలిష్ డబ్బాలకి లేబుళ్ళు అంటించాడు. వారానికి ఆరేడు షిల్లింగులు. అక్కడ బాబ్ ఫేగిన్ అనే కుర్రాడు ఇతనికి నొప్పి వచ్చినప్పుడు వేడినీళ్ళు నింపిన సీసాలతో కాపడం పెట్టాడు. సాయంత్రం ఒంటరిగా పంపనని ఇంటిదాకా తోడు బయల్దేరాడు. తండ్రి జైల్లో ఉన్నాడని చెప్పలేక చార్లెస్ సదర్క్ వంతెన దగ్గర ఎవరిదో ఇంటి మెట్ల మీద ఆగి, ఇదే మా ఇల్లని చెయ్యి కలిపి పంపేశాడు. బాబ్ వెనక్కి చూస్తాడేమోనని తలుపు కూడా తట్టాడు. తర్వాత ‘ఆలివర్ ట్విస్ట్’లో పిల్లల చేత దొంగతనాలు చేయించేవాడికి ఆ మంచి కుర్రాడి పేరే పెట్టాడు. ఆ రోజుల సంగతి మిత్రుడు ఫార్‌స్టర్‌కి చెప్పుకున్నాడు గానీ కన్నపిల్లలకి చెప్పలేదు. 1870లో డికెన్స్ పోయాక ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలోనే అది లోకానికి తెలిసింది. ఇంగ్లండ్ పేదల గురించి అంత రాసిన మనిషి తన పేదరికాన్ని కన్నపిల్లల దగ్గర దాచుకునే పోయాడు. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. మీరు అంతకాలం మొయ్యకండి.

ఊరికి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళండి, ఏమీ పట్టుకెళ్ళకండి. ఇంటికి కాదు, షాపుకి వెళ్ళండి, పని జరిగే వేళకి. పని ఆపించకండి, అయ్యేదాకా కూర్చోండి. తర్వాత ‘ఆ రోజు నిన్ను మా ఊరాయన అన్నాను బావా. సిగ్గుపడి అన్నాను. తప్పు చేశాను’ అనండి. అంతే. ఎస్టెల్లాలు, సమాజం, మీ చిన్నతనం అక్కడ చెప్పొద్దు. అవి నాకు రాశారుగా, చాలు. ఏడుపొస్తే రానివ్వండి, కానీ ఆయన మిమ్మల్ని ఓదార్చాల్సిన పరిస్థితి తేవద్దు. ‘క్షమించావా?’ అని అడగొద్దు.

ఒక హెచ్చరిక కూడా. జో అడగకుండానే క్షమిస్తాడు, పిప్ బాకీ కూడా తనే కట్టి చెప్పకుండా వెళ్ళిపోతాడు. జోని డికెన్స్ అలా రాసుకున్నాడు. మీ బావగారు నవలలో మనిషి కాదు. ఆయనకి కోపం రావచ్చు, లేచి లోపలికి వెళ్ళిపోవచ్చు, నెలల తరబడి ‘మీరు’ అనే అనవచ్చు. ఆయన హక్కు అది. మీరు వెళ్ళడం మానకండి. పిప్ కూడా జోకి అన్నీ చెప్పేద్దామనుకుని రేపు రేపు అంటూ ఆగాడు. ఒక పొద్దున్న లేచేసరికి జో మంచం ఖాళీ, ఒక చీటీ, బాకీ కట్టిన రసీదు ఉన్నాయి.

ఊరికి వెళ్ళే ముందే ఇంకో పని ఉంది. కాబోయే భార్యకి, వాళ్ళ అమ్మానాన్నలకి నిజం చెప్పండి. ‘ఫ్యాబ్రికేషన్ బిజినెస్’ కాదు, వెల్డింగ్ షాపు, ఆ షాపే నన్ను చదివించింది అని. ఆ అమ్మాయికి ‘మా ఊరాయన’ సంగతి కూడా చెప్పండి. ఆమె ఎలా తీసుకుంటుందో పెళ్ళికి ముందే తెలియడం మీకూ మంచిది, ఆమెకీ మంచిది. వాళ్ళు మీరనుకున్నంత పట్టించుకోకపోవచ్చు కూడా.

పీటల మాట చివర్లో, అదీ మీ నోటితోనే అడగండి. అక్కతో అడిగించకండి. నవలలో పంబుల్‌చుక్ అనే షావుకారు పిప్‌కి డబ్బు రాగానే, ఈ అదృష్టానికి మూలం నేనే అని ఊరంతా చెప్పుకుంటాడు. మీ పెదనాన్నగారు అలాంటివారని నేననను, ఆయన గురించి మీరేమీ రాయలేదు. కానీ ఆరేళ్ళ పిల్లవాణ్ణి ఎవరింట్లో పడుకోబెట్టారో అందరికీ తెలుసు. బావగారు మొదట కాదంటారు. బతిమాలకండి. ముహూర్తం దాకా ఆ రెండు పీటలు వాళ్ళకే అట్టిపెట్టి, పెదనాన్నగారికి ఆ సంగతి ముందే మర్యాదగా చెప్పండి.

షాపుకి సెలవు ఏ రోజో అక్కని అడిగి కనుక్కోండి. ఆ రోజు తప్ప ఏ రోజైనా సరే.