గాలి కరెంటుకి గ్యాస్ ధర ఎందుకు కట్టాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి బ్రిటన్ వచ్చిన పిల్లలు చలికాలంలో మొదటి బిల్లు రాగానే అడిగేది ఇదే: "అన్నా, నాది వంద శాతం గ్రీన్ టారిఫ్ (గాలి, ఎండ లాంటి వాటి కరెంటు ప్లాన్) కదా, గ్యాస్ ధర పెరిగిందని నా కరెంటు రేటు పెంచడమేంటి?"

ముందు మన ఊరి సంగతి చూడండి. ఒడిశాలో తాల్చేరు బొగ్గు కరెంటు, హీరాకుడ్, బలిమెల నీటి కరెంటు అన్నీ గ్రిడ్కో అనే రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ కొంటుంది, చవకదీ ఖరీదైనదీ కలిసిపోయాక ఆ ఖర్చుల లెక్క చూసి విద్యుత్ నియంత్రణ కమిషన్ ఏడాదికి రేటు ఖరారు చేస్తుంది. ఇంట్లో అమ్మ కట్టే బిల్లులో స్లాబు పక్కన కనబడేది దాదాపుగా ఆ సగటు.

బ్రిటన్‌లో హోల్‌సేల్ మార్కెట్‌లో సగటు లెక్క కాదు, ఆఖరివాడి లెక్క. రేపు ఫలానా గంటకి ఎంత కరెంటు కావాలో దానికి తగ్గట్టు వేలం జరుగుతుంది. గాలికి, ఎండకి ఇంధనం ఖర్చు లేదు కాబట్టి వాళ్లు దాదాపు సున్నాకే ఇస్తామంటారు, తర్వాత అణు కరెంటు, అదీ చాలకపోతే గ్యాస్ ప్లాంట్లు. అవసరం తీరడానికి ఆఖరున ఎవరిని పిలవాల్సి వచ్చిందో వాళ్ల ధరే అందరికీ ఇస్తారు. పర్లాకిమిడి మార్కెట్‌కి చుట్టుపక్కల పల్లెల వంకాయలు చాలక దూరం నుంచి లారీ వచ్చిందనుకోండి, పల్లె రైతు మాత్రం తక్కువకి ఎందుకు అమ్ముతాడు? లారీ ధరే అందరి ధర. బ్రిటన్‌లో ఆ లారీ చాలా గంటలు గ్యాసే, దాని మీద కార్బన్ ఖర్చు, అంటే పొగ వదిలినందుకు కట్టేది, అదనం. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లాక గ్యాస్ ఎగబాకితే, గాలి ఎప్పటిలాగే వీస్తున్నా కరెంటు రేటు కూడా దాంతోపాటే ఎగబాకింది.

మరి గాలిమరల వాళ్లకి లాభాల పంటేనా అంటే, అందరికీ కాదు. కొత్త వాటిలో చాలావాటికి ప్రభుత్వ కంపెనీతో 'కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్' అనే ఒప్పందం ఉంటుంది. ముందే ఒక ధర ఒప్పుకుంటారు, మార్కెట్ దానికన్నా తగ్గితే తేడా వాళ్లకి వస్తుంది, పెరిగితే తేడా వెనక్కి కట్టాలి. అటూ ఇటూ ఆ లెక్క చివరికి మన బిల్లులకే చేరుతుంది. 2022 వేలంలో సముద్రపు గాలి కరెంటు మెగావాట్ అవర్ (వెయ్యి యూనిట్లు) 37.35 పౌండ్లకి, అదీ 2012 ధరల్లో, ఖాయమైంది. ఇలాంటివి పెరిగి, గ్యాస్ ఆఖరున నిలబడే గంటలు తగ్గితే తప్ప మీ రేటు గ్యాస్‌ని వదలదు. నాకు ఈ పద్ధతిలో నిజంగా నచ్చేది ఈ ఒప్పందాలే, వీటిని ఇంకా పెంచాలి.

ఇక గ్రీన్ టారిఫ్. మీ ఇంటి తీగలో వచ్చేది అందరికీ వచ్చే కరెంటే. కంపెనీ మీరు వాడినంతకి సరిపడా పచ్చ కరెంటు ఎక్కడో తయారైందని సర్టిఫికెట్లు చూపిస్తుంది. తీసుకోవద్దని అనను, కానీ అది ధరకి గొడుగు పట్టదు. ధర కదలకూడదంటే ఫిక్స్‌డ్ టారిఫ్ చూడండి, మధ్యలో ఇల్లు మారితే ఎగ్జిట్ ఫీజు ఉందో లేదో సంతకానికి ముందే చదవండి. అరగంటకోసారి ధర మారే టారిఫ్‌లూ ఉన్నాయి. గాలి బాగా వీచిన రాత్రి ధర సున్నా కిందికి కూడా పోతుంది, చలికాలం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మాత్రం మండిపోతుంది. డ్యూటీ నుంచి రాగానే కుక్కర్, ఓవెన్, హీటర్ అన్నీ ఒకేసారి వేసే ఇంటికి అది వద్దు.

బ్రిటన్ గ్యాస్, కరెంటు నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే ప్రైస్ క్యాప్ (ధర పరిమితి) అంటే బిల్లు అంతకు మించదని చాలామంది అనుకుంటారు. కాదు. మూడు నెలలకోసారి మారే ఆ క్యాప్ యూనిట్ రేటుకి, రోజువారీ స్టాండింగ్ ఛార్జీకి మాత్రమే. ఎక్కువ వాడితే ఎక్కువే కట్టాలి, ఇంట్లో లేకపోయినా స్టాండింగ్ ఛార్జీ పడుతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హీటింగ్ దేనితో నడుస్తుందో తప్పకుండా అడగండి. గ్యాస్ యూనిట్ ధర కరెంటు యూనిట్‌లో సుమారు నాలుగో వంతే, అందుకే కరెంటు హీటర్లున్న ఇంటి అద్దె తక్కువని మురిసిపోతే జనవరిలో టెన్షన్. రాత్రి వేడిని నింపుకుని పగలు వదిలే స్టోరేజ్ హీటర్లుంటే మీటర్‌కి రాత్రి రేటు ఉందో లేదో కనుక్కోండి, తాళాలు తీసుకున్న రోజే మీటర్ రీడింగ్ ఫోటో తీసి కంపెనీకి పంపండి, పాతవాళ్లు వాడిన యూనిట్లు మీ నెత్తిన పడకుండా ఉంటాయి.