ప్లాట్లన్నీ ఫోన్‌లోనే కనిపిస్తున్నప్పుడు మధ్యవర్తికి పని ఉంటుందా?

అమ్మకానికి ఉన్న స్థలాలన్నీ యాప్‌లలో దొరుకుతుంటే విజయవాడలో ఈ వృత్తిని ఇంకా నమ్ముకోవచ్చా అని మీరు అడిగారు. పటమటలో చాలా ఏళ్లుగా ఇళ్లు, స్థలాల మధ్యవర్తిగా ఉన్న నా అనుభవంలో, ఎక్కడ ఏది అమ్ముతున్నారో చెప్పినందుకు ఇప్పుడు ఎవరూ కమీషన్ ఇవ్వరు. దాన్ని కొనవచ్చో కూడదో కాగితాలు చదివి చెప్పగలిగినవారిని మాత్రం వెతుక్కుంటూ వస్తారు.

పోరంకిలో ఒక స్థలానికి ఈసీలో (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏ తాకట్టూ లేదు, రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితాలో ఆ సర్వే నంబరూ లేదు, కొనేవారు బయానా ఇవ్వడానికి సిద్ధమయ్యారు. లింకు దస్తావేజులు, అంటే ఆ స్థలం అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు, తెప్పించి చదివితే, తండ్రి వీలునామా రాయకుండా పోయాక అన్నదమ్ములిద్దరే భాగ పంపకాలు రాసుకున్నారనీ, పెళ్లయి వెళ్లిన అక్క సంతకం అందులో ఎక్కడా లేదనీ తేలింది. రిజిస్టరైన లావాదేవీలను ఈసీ చూపుతుంది గానీ, వాటిలో ఎవరు సంతకం పెట్టవలసి ఉండి పెట్టలేదో చూపదు. ఆమె హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసిన తరువాతే బయానా ఇప్పించాను. బేరం ఆలస్యమై అమ్మేవారు నా మీద కోపగించుకున్నారు. కొన్న కుటుంబం మాత్రం ఆ తరువాత తమ బంధువులను నా దగ్గరికే పంపుతోంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పటి నుంచి, ఆ వైపు ఇల్లు చూసేవారు ధరకంటే ముందు నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడుగుతున్నారు. గోడ మీద మిగిలిన నీటి చారను దాచకుండా చూపించి, పక్కింటివారితో మాట్లాడిస్తాను.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టాన్ని మా వృత్తిలో కొందరు భారమంటారు, నేను ఒప్పుకోను. రెరాలో నమోదు కావలసిన వెంచర్‌లో ప్లాటు అమ్మించాలంటే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ మాట మనమే ముందుగా చెబితే కొనేవారికి మన మీద గురి కుదురుతుంది.

మీరు కొత్తగా వస్తున్నట్లయితే, మంచి డాక్యుమెంట్ రైటర్ దగ్గర కొంతకాలం కూర్చుని పాత దస్తావేజులు చదవడం నేర్చుకోండి. ఇక్కడి ఆస్తులు అమ్మేవారిలో అమెరికాలో స్థిరపడినవారు చాలామంది ఉన్నారు కనుక, అక్కడి కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏకు (తమ తరఫున వ్యవహరించే అధికారాన్ని ఇంకొకరికి ఇచ్చే పత్రానికి), అది ఇండియాకు చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలన్న నిబంధనను కూడా తెలుసుకోండి.