ఇన్ని రకాల స్క్రూ తలలు ఎందుకు? ప్లస్, మైనస్ రెండూ ఉంటే సరిపోదా?

సరిపోదు. అసలు మీరు ఒకటే అనుకుంటున్న ఆ ప్లస్‌లోనే రెండు మూడు రకాలున్నాయి. మా తిరుపతిలో పాత బండ్ల స్క్రూలు సగం గుండు కొట్టుకుపోయి ఉండటానికి కారణం ఈ సంగతి ఎవరూ పట్టించుకోకపోవడమే. స్క్రూ నాసిరకమనో, తుప్పు పట్టిందనో అంటారు. నేను ఒప్పుకోను.

చంద్రగిరిలో ఉండే మా బావకి పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఆ బండిని ఇంట్లోవాళ్లని కూడా ముట్టనివ్వడు. పోయినేడు క్లచ్ ప్లేట్లు మార్చాలని ఒక షాపులో ఇచ్చాడు. వాళ్లు క్లచ్ కవర్ విప్పబోయి స్క్రూల తలలు అరగదీసేసి, "ఇవి రావు, డ్రిల్ వేయాల్సిందే" అన్నారు. బావకి అన్నం సహించలేదు. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని కొర్లగుంటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన వెంటనే స్క్రూడ్రైవర్ పట్టలేదు. పళ్లు తోముకునే పాత బ్రష్‌ని పెట్రోల్లో ముంచి ఒక్కో స్క్రూ తలనీ కడిగాడు. గాడిలో పేరుకున్న గ్రీజు, మట్టి సూదితో గీకి తీశాడు. ఇంకా పాడవని స్క్రూ ఒకటి చూపించి, "ఇది చూడు నైనా" అన్నాడు. ప్లస్ గాడి పక్కన ఆవగింజలో సగం ఉండే చిన్న చుక్క! అది జపాన్ కొలతల స్క్రూ. జేఐఎస్ అంటారు. మన బజార్లో దొరికే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌ని ఫిలిప్స్ అంటారు. దాని మొన ఆ గాడిలో అడుగుదాకా కూర్చోదు, పైపైనే పట్టుకుంటుంది. బలం పెట్టి తిప్పితే జారి గాడి అంచుల్ని చెక్కేస్తుంది. షాపువాళ్లు చేసింది సరిగ్గా అదే.

పెద్దాయన సరైన మొన తీసి, దానికి వాల్వులు గ్రైండ్ చేసే పేస్ట్ కాస్త పూశాడు. అందులో గరుకు పొడి ఉంటుంది కాబట్టి అరిగిన గాడిలో కూడా పట్టు దొరుకుతుంది. ఆ మొనని ఇంపాక్ట్ డ్రైవర్‌కి బిగించి వెనకనుంచి సుత్తితో కొట్టాడు. ఆ పనిముట్టు ఎలాంటిదంటే, దెబ్బ పడగానే మొన లోపలికి దిగుతూనే కాస్త తిరుగుతుంది. టక్‌మని చప్పుడొచ్చి స్క్రూ కదిలింది. బయటికి తీస్తే స్క్రూ చుట్ల నిండా తెల్లటి పొడి. అల్యూమినియం కవర్లో ఇనప స్క్రూ ఏళ్ల తరబడి తడిస్తే అలాగే పట్టేస్తుంది. ఒక్క స్క్రూకి కూడా డ్రిల్ పెట్టకుండా కవర్ ఊడింది.

ఇక ఎందుకిన్ని రకాలు అన్నదానికి వస్తాను. మైనస్ గాడి అన్నిటికంటే పాతది. దాంట్లోంచి మొన పక్కకి జారి చెయ్యి కోస్తుంది. కెనడాలో పి.ఎల్. రాబర్ట్‌సన్ అనే ఆయన చతురస్రపు గాడి చేసి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. ఫోర్డ్ కంపెనీ కెనడా ఫ్యాక్టరీలో దాన్ని వాడుకుంది. బాగుందని హక్కులడిగితే ఆయన ఇవ్వలేదు. నన్నడిగితే ప్రపంచంలోని స్క్రూలన్నీ చతురస్రంగానే ఉండాల్సింది. హక్కుల దగ్గర బేరం చెడి అంత మంచి స్క్రూ మనదాకా రాకుండా పోయింది.

ఆ చోటుని ప్లస్ ఆక్రమించింది. జాన్ థాంప్సన్ అనే ఆయన ఆలోచనని హెన్రీ ఫిలిప్స్ కొనుక్కుని, మెరుగుపరిచి 1936లో పేటెంట్లు పొందాడు. అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలు వెంటనే అందుకున్నాయి, ఎందుకంటే మెషిన్‌తో బిగించేటప్పుడు మొన తనంతట తనే గాడి మధ్యలో కూర్చుంటుంది. కానీ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి, బలం పెరిగేకొద్దీ మొనని బయటికి తోసేస్తాయి. బిగించేవాడి తొందర చూసుకున్నారు గానీ, ఇరవై ఏళ్ల తర్వాత విప్పేవాడి అవస్థ ఆలోచించలేదు. 1967లో వచ్చిన టార్క్స్, అదే ఆరు కోణాల నక్షత్రం, ఈ లోపాన్ని సరిచేసింది. దాని గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి మొనని బయటికి నెట్టవు.

అన్ని రకాలూ పనికోసమే పుట్టలేదు. ఐఫోన్ అడుగున ఐదు రేకుల స్క్రూ ఉంటుంది చూశారా? మామూలు మనిషి ఫోన్ విప్పకూడదని తప్ప దానికి ఇంకో కారణం నాకు కనిపించదు. డబ్బులు పెట్టి కొన్న వస్తువుని విప్పుకునే హక్కు మనకి లేదా?

ఇంకో బాధ కూడా చెప్పాలి. మన ఇళ్లలో స్క్రూడ్రైవర్ అంటే టెస్టరే. కరెంటు ఉందో లేదో చూసుకోవాల్సిన ఆ సన్న కడ్డీతో స్విచ్‌బోర్డు, మిక్సీ, కుక్కర్ పిడి అన్నీ తిప్పేస్తారు. దాని మొన వంకరపోతుంది, ప్లాస్టిక్ పిడి పగులుతుంది. పగిలిన టెస్టర్‌తో మళ్లీ కరెంటు చూస్తారు. దయచేసి అలా చేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

పాత జపాన్ డిజైన్ బండి ఉన్నవాళ్లు ముందు స్క్రూ తల కడిగి చుక్క ఉందేమో చూడండి. ఉంటే జేఐఎస్ మొన ఉన్న స్క్రూడ్రైవరే వాడండి. ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ప్లస్ అంతా ఒకటే అని పంపించేస్తారు, వాదించి లాభం లేదు. ఆన్‌లైన్‌లో జపాన్ కంపెనీ వెసెల్‌వి దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువే, కానీ అది మామూలు ఫిలిప్స్ స్క్రూలకి కూడా చక్కగా కూర్చుంటుంది కాబట్టి ఇంటికి అదొక్కటి కొనుక్కున్నా చాలు.