రంగుల పామ్ కొనాలా వద్దా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2005 అక్టోబరులో పామ్ కంపెనీ 99 డాలర్లకే జెడ్22 అని అడ్రసులూ పనులూ రాసుకునే, రంగుల తెర ఉన్న బుల్లి ఆర్గనైజర్ వదిలినప్పటి నుంచి మా శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం దాని గురించే. ఇదివరకు ఆ ధరకు నలుపు తెలుపుదే వచ్చేది కాబట్టి ఆశ పుట్టడం సహజమే. అందుకని ఈ నెల వైరస్‌లూ ప్రింటర్లూ పక్కన పెట్టి అన్నీ ఈ ప్రశ్నలే తీసుకున్నాం.

ప్రశ్న: నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. మూడేళ్ళ కిందట మా బావమరిది అమెరికా నుంచి పామ్ జైర్ తెచ్చిచ్చాడు, నలుపు తెలుపుది, 2 ఎంబీది. నా డాక్టర్ల లిస్టంతా అందులోనే ఉంది. ఉగాదికి తను మళ్ళీ వస్తూ రంగులది తెస్తానంటున్నాడు. కొత్త జెడ్22 తెమ్మనాలా, లేక ఎవరో వాడిన జైర్ 31 ఇంచుమించు అదే రేటుకు దొరుకుతోందట, అది తెమ్మనాలా? దాన్లో పాటలు కూడా వస్తాయంటున్నారు. (విజయవాడ)

జవాబు: జెడ్22 తెమ్మనండి. కాకపోతే రంగుల కోసం మాత్రం కాదు.

ముందు తెర సంగతి. మీ పాత జైర్, జైర్ 31, జెడ్22 మూడింటి తెరా 160 బై 160 చుక్కలే. అంటే రంగు వస్తుంది గానీ అక్షరం మాత్రం అదే గరుకు అక్షరం, మీరనుకున్నంత నున్నగా ఏమీ కనపడదు. అక్షరం కూడా బాగుండాలంటే 320 బై 320 తెర ఉన్న, పామ్ వాళ్ళదే అయిన టంగ్‌స్టన్ ఇ లాంటిదానికి వెళ్ళాలి, అది 2003లో వచ్చినప్పుడు 199 డాలర్లు. ఇంకో మాట, మిట్టమధ్యాహ్నం బందరు రోడ్డు మీద బండి ఆపి చూసుకుంటే మీ పాత జైర్ నిక్షేపంలా కనపడుతుంది, రంగుల తెరకైతే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. అయితే పాతదానికి వెనక లైటు లేదు కదా, సాయంత్రం క్లినిక్ బయట కూర్చున్నప్పుడు కరెంటు పోతే ఇన్నాళ్ళూ మీరు సెల్‌ఫోన్ వెలుగులో చదువుకుని ఉంటారు. ఆ బాధ తీరుతుంది. ఛార్జింగ్ మాత్రం పాతదానిలాగా వారాల తరబడి రాదు, రెండు మూడు రోజులకోసారి పెట్టుకుంటూ ఉండటమే.

అసలు తేడా బ్యాటరీ పూర్తిగా అయిపోయిన రోజున తెలుస్తుంది. జైర్ 31లో మీరు పెట్టుకున్నదంతా కరెంటు ఉన్నంత వరకే నిలిచే మెమరీలో ఉంటుంది. ఛార్జింగ్ మరిచిపోయి నాలుగు రోజులు టూర్ వెళ్ళొచ్చారంటే, తిరిగొచ్చి ప్లగ్‌లో పెట్టినప్పుడు షాపులో కొన్న రోజున ఉన్నట్టు ఖాళీగా తెరుచుకునే ప్రమాదం ఉంది. జెడ్22లో ఉన్నది ఫ్లాష్ మెమరీ. ఎన్నాళ్ళు ఛార్జింగ్ లేకపోయినా రాసింది రాసినట్టే ఉంటుంది. ఏ డాక్టరు ఏ రోజు ఎన్ని గంటలకు రిప్రజెంటేటివ్‌లను కలుస్తారో అన్న సమాచారం మూడేళ్ళు కష్టపడి పోగుచేసిన మనిషికి నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. పైగా వాడిన జైర్ 31 అంటే దాని బ్యాటరీ కూడా వాడినదే, సులువుగా మార్చే వీలుండదు.

మెమరీ 32 ఎంబీ అని పెట్టె మీద ఉంటుంది, మీకు మిగిలేది 20 దాకా. మీ 2 ఎంబీ పక్కన అదే సముద్రం. ఇంకోటి, పాత అడ్రస్ బుక్‌లో పుట్టినరోజు రాయడానికి విడిగా చోటు ఉండేది కాదు, కొత్త కాంటాక్ట్స్‌లో ఉంది, అక్కడ రాస్తే అదే వెళ్ళి క్యాలెండర్‌లో కూర్చుంటుంది. డాక్టరు గారి పుట్టినరోజు గుర్తుంచుకోవడం మీ వృత్తిలో ఎంత అవసరమో నేను చెప్పాలా! క్యాలెండర్‌లో ఒక్కో రకం పనికి ఒక్కో రంగు పెట్టుకోవచ్చు, డాక్టర్ల విజిట్లు ఒక రంగు, స్టాకిస్టుల దగ్గర వసూళ్ళు ఒక రంగు, ఇంటి పనులు ఇంకోటి. నిజంగా రంగు పనికొచ్చేది అక్కడే, ఫొటోలు చూడటానికి కాదు.

జెడ్22లో పోయేది ఏమిటంటే కార్డు పెట్టే చోటు లేదు, హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం లేదు. పాటలు రావు. జైర్ 31లో ఆ రెండూ ఉన్నాయి, నిజమే, కానీ పాటలు వింటే దాని బ్యాటరీ ఇంకా త్వరగా దిగుతుంది, దిగితే ఏమవుతుందో పైన చెప్పాను.

మీ బావమరిదికి ఒక్క మాట చెప్పండి, పెట్టెలో వచ్చే ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ ఎంతో చూడమని. 100-240 అని ఉంటే ఇక్కడ పిన్ను మార్చి వాడుకోవచ్చు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టిన క్షణమే అది మసి. 2006 నాటి లెక్కన డాలరు 45 రూపాయలు వేసుకున్నా వస్తువు నాలుగున్నర వేల లోపే, దాన్ని మొదటి రోజే కాల్చుకోవడం ఎందుకు.

ప్రశ్న: నా పాత పామ్ ఎం500 మా ఆవిడకి ఇచ్చేసి నాకు జెడ్22 కొనుక్కున్నాను. పాత యూజర్ పేరుతోనే హాట్‌సింక్ (పామ్‌ను కంప్యూటర్‌కు కలిపి రెండింటిలో ఉన్నదీ ఒకటి చేయడం) చేశాను, అడ్రసులన్నీ వచ్చాయి గానీ అప్పటి నుంచి కొత్తది దానంతటదే రీసెట్ అవుతోంది. వస్తువులోనే లోపమా? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: తిరిగిచ్చేయకండి, లోపం దానిది కాకపోవచ్చు. ఎం500ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్ పామ్ ఓఎస్ 4, మీ కొత్తదానిలో ఉన్నది 5, లోపలి చిప్ కూడా వేరు. పాతదానిలో మీరు హ్యాక్‌లు అని చిన్న చిన్న ప్రోగ్రాములు వేసుకుని ఉంటారు, బటన్ల పని మార్చేవీ అలాంటివీ. అవి ఓఎస్ 5లో నడవవు. హాట్‌సింక్ చేసినప్పుడు కంప్యూటర్‌లో ఉన్న బ్యాకప్ ఫోల్డర్ మొత్తం తీసుకొచ్చి కొత్తదానిలో పోసేసింది, ఆ చెత్తే దాన్ని కిందపడేస్తోంది.

కంప్యూటర్‌లో పామ్ ఫోల్డర్ తెరిస్తే మీ యూజర్ పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులో 'బ్యాకప్' అని ఒకటి. దాని పేరు 'పాతబ్యాకప్' అనో ఏదో మార్చండి, డిలీట్ మాత్రం చేయొద్దు. జెడ్22తో వచ్చిన సీడీలోని పామ్ డెస్క్‌టాప్ అనే ప్రోగ్రాము కంప్యూటర్‌లో వేసుకోకపోయి ఉంటే ముందు అది వేయండి. తర్వాత జెడ్22ని హార్డ్ రీసెట్ చేయండి, అంటే పవర్ బటన్ నొక్కి పట్టుకుని వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో రీసెట్ నొక్కాలి, అంతా చెరిపేయాలా అని అడుగుతుంది, చెరిపేయమనండి. ఇప్పుడు హాట్‌సింక్ చేస్తే అడ్రసులు, క్యాలెండర్, మెమోలు వస్తాయి, ఎందుకంటే అవి ఆ బ్యాకప్ ఫోల్డర్‌లో కాకుండా వేరే చోట ఉంటాయి. మిగతా ప్రోగ్రాములు ఒక్కొక్కటే వేసుకుంటూ ఒక రోజు చూసి ఇంకోటి వేసుకోండి. అన్నీ ఒకేసారి వేస్తే దొంగ ఎవరో తెలియదు.

మీ ఆవిడ సంగతి కూడా ఉంది. ఎం500లో ఇంకా మీ పేరే ఉందనుకుంటాను. ఒకే పేరుతో రెండు పామ్‌లు ఒకే కంప్యూటర్‌కు పెడితే మీ ఆఫీసు మీటింగులు ఆవిడకీ, ఆవిడ కిరాణా లిస్టు మీకూ వచ్చి కలగాపులగం అవుతుంది. దాన్ని కూడా హార్డ్ రీసెట్ చేసి ఆవిడ పేరు పెట్టి ఇవ్వండి.

ప్రశ్న: రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి జెడ్22 పంపించాడు. ఇంగ్లీషు వచ్చు గానీ నా మెమోలు తెలుగులో రాసుకోవాలని ఉంది. తెలుగు ఫాంటు ఎక్కడ దొరుకుతుంది? (రాజమండ్రి)

జవాబు: మాస్టారూ, పామ్ ఓఎస్‌లో తెలుగు లేదు, కంప్యూటర్‌లోలాగా ఫాంటు తెచ్చి వేసుకుంటే వచ్చేదీ కాదు. మెమోలు రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకోవాల్సిందే.

అయితే అందులో నోట్‌ప్యాడ్ అని ఒకటుంది, చాలామంది దాని జోలికే పోరు. అది తెరిస్తే తెర మొత్తం ఖాళీ కాగితం, దాంతో వచ్చే పుల్లతో (స్టైలస్) మీ చేతిరాతలో ఏం రాస్తే అది బొమ్మగా ఉండిపోతుంది. తెలుగు, సంస్కృతం, ముగ్గు, ఏదైనా సరే. 'గ్యాస్ బుక్ చేయాలి' అని మీ దస్తూరీలోనే రాసి దానికి అలారం పెట్టండి, ఆ రోజు ఆ టైముకు మోగి మీరు రాసిన కాగితమే తెర మీదకు వస్తుంది. మందుల వేళలకు ఇది ఎంతో బాగుంటుంది. తెర చిన్నది కాబట్టి నాలుగైదు మాటలకు మించి పట్టవు, బొమ్మ కాబట్టి తర్వాత వెతికితే దొరకదు, కనుక నోటుకు పైన ఇంగ్లీషులో ఒక పేరు పెట్టుకోండి.

మీరు అడగలేదు గానీ మీ వయసువాళ్ళకు పనికొచ్చేది ఇంకోటి. ఎల్ఐసీ ప్రీమియం ఆరు నెలలకోసారి కట్టేవాళ్ళయితే క్యాలెండర్‌లో ఒక్కసారి రాసి ప్రతి ఆరు నెలలకు రిపీట్ అని పెడితే చాలు. తద్దినాలకు మాత్రం ఆ రిపీట్ నమ్ముకోకండి. అది తేదీని చూస్తుంది, తిథిని కాదు. ఉగాదికి కొత్త పంచాంగం కొన్న రోజునే కూర్చుని ఆ ఏడాదివన్నీ చేత్తో ఎక్కించుకోవడం ఒక్కటే దారి.

ప్రశ్న: నా జైర్ 31 ఛార్జింగ్ అయిపోయి పది రోజులు బీరువాలో ఉంది. పుట్టింటి నుంచి వచ్చి చూస్తే అన్నీ పోయాయి. రిపేరు షాపులో డబ్బు కడితే వెనక్కి తెస్తామంటున్నారు. తెప్పించుకోనా? (హైదరాబాద్)

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండమ్మా. ఆ మెమరీకి కరెంటు పోయాక అందులో ఏమీ మిగలదు, ఎవరూ తేలేరు. ఎప్పుడైనా ఒక్కసారి హాట్‌సింక్ చేసి ఉంటే ఆ రోజు వరకు ఉన్నదంతా మీ కంప్యూటర్‌లో ఉంటుంది. పామ్‌ను కేబుల్‌తో పెట్టి హాట్‌సింక్ చేయండి, ఏ యూజర్ అని అడిగితే మీ పాత పేరు ఎంచుకోండి, వచ్చేస్తుంది. కొత్త పేరు మాత్రం టైపు చేయొద్దు. ఎప్పుడూ చేయలేదంటే ఇక ఆశ వదులుకోవడమే. జైర్ 31 ఉన్నవాళ్ళందరికీ చెప్పేది, ఊరెళ్ళేటప్పుడు ఛార్జర్ వెంట పెట్టుకోండి, వారానికోసారి హాట్‌సింక్ చేయండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. నాన్న నాలుగైదు వేలలో ఏదైనా కొనిస్తానన్నారు. జెడ్22లో పాటలు, వీడియోలు, ఆటలు ఎలా ఉంటాయి? ఎన్ని రంగులు చూపిస్తుంది? (వరంగల్)

జవాబు: పాటలు లేవు, వీడియోలు పేరుకే, ఆటలు బాగుంటాయి. నీకు కావాల్సింది ఎంపీ3 ప్లేయర్, తమ్ముడూ, నాన్నగారికి ఆ మాటే చెప్పు. రంగుల అంకె చూసి ఏదీ కొనకు. 2002లో పామ్ తన ఎం130 అనే మోడల్‌కి 65 వేలకు పైగా రంగులని ప్రచారం చేసుకుని, తర్వాత అన్ని రావు, 58,621 కలయికలే వస్తాయని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ చిన్న తెర మీద ఈ రెండింటికీ తేడా పట్టుకున్న కన్ను ఎవరిదో గానీ నీ కన్ను, నా కన్ను అయితే కాదు.

ప్రశ్న: నోకియా 6600 వాడుతున్నాను. అందులోనే క్యాలెండర్, కాంటాక్ట్స్ ఉన్నాయి. ఇంకా పామ్ ఎందుకు? (బెంగళూరు)

జవాబు: మీకు అక్కర్లేదు. రోజుకు పది పదిహేను మాటలకన్నా ఎక్కువ రాసుకునేవాళ్ళకే పుల్లతో రాసే వస్తువు కావాలి. ఫోన్ కీల మీద పేరాగ్రాఫ్ కొట్టడం మీకు అలవాటైపోయి ఉంటే ఆ డబ్బు మిగిలినట్టే.

ప్రశ్న: పాత జైర్ నుంచి జెడ్22కి మారాను. పాతదానిలో ఒక్క గీతతో వచ్చే టి ఇప్పుడు రావడం లేదు. పైగా 'హోటల్' అని ఇంగ్లీషులో రాసి ఖాళీ వదిలితే చివరి ఎల్ పోయి టి వస్తోంది. తెర పాడైందా? (కాకినాడ)

జవాబు: తెర బాగానే ఉంది, రాత మారింది. ఒక్కో అక్షరం ఒక్క గీతతో రాసే పద్ధతి తమ పేటెంట్ అని జిరాక్స్ కంపెనీ 1997లో కేసు వేసింది, ఆ గొడవలో పామ్ 2003 నుంచి గ్రాఫిటీ 2 అనే కొత్త రాతకు మారింది. ఇందులో ఐ, కె, టి, ఎక్స్ రెండేసి గీతలు. టి అంటే నిలువు గీత, దాని మీద అడ్డ గీత. నిలువు గీత ఒక్కటే అయితే ఎల్, అడ్డ గీత ఒక్కటే అయితే ఖాళీ. మీరు హోటల్ రాసి వెంటనే ఖాళీ గీత గీస్తుంటే అది ఎల్‌ను, ఖాళీని కలిపి టి అనుకుంటోంది. ఎల్ తర్వాత ఒక్క క్షణం ఆగి గీయండి, సరిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిటీ 2 అన్న చోట కొన్ని అక్షరాలకు ఇంకో రకం రాత కూడా ఎంచుకునే వీలుంది, ఒకసారి చూడండి. రెండు వారాల్లో చెయ్యి అలవాటు పడుతుంది, ఈలోగా మరీ తొందరగా ఉంటే గీతలు మాని తెర మీద వచ్చే కీబోర్డు వాడుకోండి.