కొత్తగా దింపిన పీజోమీటర్ నెగటివ్ చూపిస్తోంది: సెన్సర్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. లోతైన తవ్వకం పక్కన వైబ్రేటింగ్ వైర్ పీజోమీటర్లు (లోపలి తీగ కంపనాన్ని బట్టి నేలలోని నీటి పీడనం కొలిచే సెన్సర్లు), ఒక ఇంక్లినోమీటర్ (నేల పక్కకు ఎంత జరిగిందో కొలిచేది) పెట్టారు. ఒక పీజోమీటర్ నెగటివ్ పీడనం చూపిస్తోంది. ఇంకోటి కారణం లేకుండా కాస్త పైకీ కిందికీ ఊగుతోంది. ఇంక్లినోమీటర్ గ్రాఫ్‌లో అడుగునే కదలిక ఉంది. సెన్సర్లు మార్పించాలా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. సెన్సర్ నిజంగా చెడిపోతే మామూలుగా రీడింగే రాదు, లేదంటే పొంతన లేని అంకెలు వస్తాయి. నిలకడగా ఒకే రకం తప్పు వస్తోందంటే, దాన్ని దింపిన రోజు ఏం జరిగిందో ముందు వెతకాలి. ఒక మల్టీమీటర్ తీసుకుని కాయిల్ (ఆ తీగను కంపింపజేసే చుట్ట) నిరోధకత, థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే భాగం) నిరోధకత చూడండి. చాలా రకాల్లో థర్మిస్టర్ 25 డిగ్రీల దగ్గర 3,000 ఓమ్‌లు చూపించాలి. ఈ రెండూ మాన్యువల్‌లో ఉన్నట్టే ఉంటే సెన్సర్ మీద అనుమానం సగం తీరినట్టే.

నెగటివ్ రీడింగ్‌కి నేను ఎక్కువగా చూసిన కారణం జీరో రీడింగ్, అంటే దింపకముందు నీటి పీడనం లేనప్పుడు తీసే మొదటి రీడింగ్. ఆ తర్వాత వచ్చే ప్రతి అంకె దాని మీదే నిలబడుతుంది, అయినా సైట్లో ఎక్కువ తొందరపడేది అక్కడే. ఎండలో పడి ఉన్న సెన్సర్‌ని తీసి వెంటనే రీడింగ్ రాస్తారు. లోహపు గొట్టం పైన వేడిగా, లోపల చల్లగా ఉన్నంతసేపు ఆ అంకెకు విలువ లేదు, థర్మిస్టర్ ఆధారంగా చేసే సవరణ కూడా దాన్ని సరిచేయలేదు. సెన్సర్ కొనన ఉండే ఫిల్టర్ నీటితో నిండాక, నీడలో, ఉష్ణోగ్రత మారకుండా నిలిచేవరకు ఆగి రీడింగ్ తీయాలి. అప్పటి వాతావరణ పీడనం కూడా రాసుకోవాలి. దింపాక తీసినదాన్ని జీరో అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే అప్పటికే సెన్సర్ మీద నీటి బరువు ఉంటుంది. ఇంకో సంగతి: చాలా రకాల్లో పీడనం పెరిగితే డిజిట్లు (సెన్సర్ ఇచ్చే ముడి అంకెలు) తగ్గుతాయి. లాగర్‌లో (రీడింగులు నమోదు చేసే పరికరంలో) ఫార్ములా తిరగేసి పెడితే నీరు పెరిగినప్పుడు పీడనం తగ్గినట్టు కనిపిస్తుంది. ముందు దాన్ని చూడండి, ఐదు నిమిషాల పని.

ఈసారి దింపేటప్పుడు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. బోర్‌హోల్‌లో నీటిమట్టం టేపుతో కొలిచి, సెన్సర్‌ని నీటిలో 5 మీటర్ల దగ్గర, 10 మీటర్ల దగ్గర ఆపి రీడింగ్ తీయండి. 10 మీటర్ల నీటికి సుమారు 98 కిలోపాస్కల్‌లు రావాలి. రాకపోతే అక్కడే పైకి లాగండి. గ్రౌట్ (బోరు నింపే, తర్వాత గట్టిపడే ద్రవ మిశ్రమం) పోశాక ఇక తీసే అవకాశం ఉండదు. ఫిల్టర్ వైపు పైకి ఉండేలా దింపితే అందులోని నీరు కారిపోదు. ఫిల్టర్‌లో గాలి మిగిలితే సెన్సర్ ఆలస్యంగా స్పందిస్తుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

ఇసుక సంచి పెట్టి, పైన బెంటోనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి) గుళికలతో మూసే పాత పద్ధతి కంటే బోరు మొత్తం సిమెంట్-బెంటోనైట్ గ్రౌట్‌తో నింపే పద్ధతే నాకు నమ్మకం. గుళికలు మధ్యలో ఇరుక్కుంటే పైనుంచి తెలియదు. గ్రౌట్‌లోంచి నీటి పీడనం సెన్సర్‌కి ఎలా చేరుతుందని చాలామంది అడుగుతారు. సెన్సర్‌లోని పలుచని డయాఫ్రమ్ (పీడనానికి వంగే పొర) కదలడానికి చాలా కొద్ది నీరు చాలు. అందుకే ఆ గ్రౌట్ నీరు బాగా పారనిచ్చేది కానక్కర్లేదు. గట్టి నేలకు బరువులో సుమారు 2.5 వంతుల నీరు, 1 వంతు సిమెంట్, 0.3 వంతు బెంటోనైట్. మెత్తటి నేలకు 6.6, 1, 0.4 ప్రకారం కలుపుతారు. ముందు నీటిలో సిమెంట్ కలిపి, ఆ తర్వాతే బెంటోనైట్ వేయాలి, అప్పుడే నీరు–సిమెంట్ పాళ్లు చేతిలో ఉంటాయి. బెంటోనైట్‌ని చిక్కదనం చూసి కాస్త అటూఇటూ చేసుకోవచ్చు. గ్రౌట్‌ని పైనుంచి గుమ్మరించకుండా పైపుతో అడుగు నుంచి పైకి నింపండి. పచ్చి గ్రౌట్ బరువు వల్ల మొదట్లో రీడింగ్ ఎక్కువే వస్తుంది, గట్టిపడే కొద్దీ దిగుతుంది. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు.

ఊగుతున్న పీజోమీటర్ పక్కన బారోమీటర్ రీడింగ్ గీసి చూడండి. గాలి పీడనం 1 కిలోపాస్కల్ మారితే 10 సెంటీమీటర్ల నీటికి సమానం. ఒక సైట్లో ఇలాంటి ఊపునే గోడలోంచి నీరు కారుతోందనుకుని అంతా కంగారు పడ్డారు. బారోమీటర్ గీత పక్కన పెట్టగానే రెండూ కలిసి నడిచాయి. అయితే గ్రౌట్‌తో మూసిన బోరులో, ముఖ్యంగా బంకమట్టిలో, గాలి పీడనం మార్పు మొత్తం సెన్సర్ దాకా చేరకపోవచ్చు. గుడ్డిగా పూర్తి సవరణ వేస్తే కొత్త ఊపు పుడుతుంది.

ఇంక్లినోమీటర్ లెక్క అడుగు కదలదన్న నమ్మకంతో కింది నుంచి పైకి నడుస్తుంది. కేసింగ్ (బోరులో దింపిన గాడుల గొట్టం, కొలిచే ప్రోబ్ దీని లోపలే నడుస్తుంది) అడుగు కదలని పొరలోకి కనీసం 3 నుంచి 5 మీటర్లు దిగకపోతే గ్రాఫ్ మొత్తం అబద్ధమే. మీ బోర్ లాగ్‌తో (ఏ లోతున ఏ పొర ఉందో రాసిన షీట్‌తో) పోల్చండి, కేసింగ్ పైభాగాన్ని సర్వేతో కొలవండి. సర్వే ఒకటి చెప్పి గ్రాఫ్ ఇంకోటి చెబితే అడుగే కదులుతున్నట్టు. ప్రోబ్‌ని తిప్పి రెండుసార్లు తీసే 0, 180 డిగ్రీల రీడింగుల మొత్తం లోతంతా దాదాపు ఒకేలా ఉందో లేదో కూడా చూడండి. ఒక్క అడుగునే అది చెదిరితే అక్కడ బురద చేరి ఉండొచ్చు, లేదా గ్రౌట్ సరిగా చేరక కేసింగ్ వదులుగా ఉండొచ్చు. ఖాళీ కేసింగ్ గ్రౌట్‌లో తేలుతుంది. పైనుంచి అదిమి పట్టుకుంటే లోపల వంకరలు తిరుగుతుంది. నీటితో నింపి, అడుగున బరువో యాంకరో పెట్టి దింపాలి. గాడి జంటల్లో ఒకటి తవ్వకం వైపే ఉండాలి.

కేబుల్ గురించి ఒక్క మాట: రెండు చివర్లా, మధ్యలోనూ పేరు రాయండి, అతుకులు వీలైనంత వద్దు, కందకంలో బిగుతుగా లాగకుండా వదులుగా పరచండి.

ఇక మీ నెగటివ్ పీజోమీటర్ సంగతి. దింపిన రోజు రాసిన షీట్ వెతకండి. సెన్సర్ సీరియల్ నంబర్, జీరో, ఉష్ణోగ్రత, గాలి పీడనం దొరికితే లెక్క మళ్లీ చేసుకోవచ్చు. క్యాలిబ్రేషన్ షీట్ అదే సీరియల్ నంబర్‌దేనా అన్నదీ చూడండి, ఈ తారుమారు తరచూ జరుగుతుంది. లెక్క సరిగ్గా ఉన్నా నెగటివే వస్తే, నీటిమట్టం నిజంగానే సెన్సర్ కిందికి దిగిందేమో చూడాలి. తవ్వకం పక్కన అది వింతేమీ కాదు. షీట్ అసలే లేకపోతే ఆ సెన్సర్‌తో మార్పును మాత్రం గమనించండి, దాని అసలు పీడనాన్ని డిజైన్ వాళ్లకు పంపకండి. పంపింగ్ ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఆ అంకె మీదే ఉంటే, పక్కన కొత్త బోరు వేయించి మళ్లీ దింపండి.