కార్బొనారాలో గుడ్డు ముద్ద కడితే

ప్రశ్న: మేడమ్, స్టాన్లీ టూచీ ఇటలీ అంతా తిరుగుతూ తినే షో చూశాను. రోమ్ ఎపిసోడ్ అయిపోగానే కార్బొనారా పాస్తా చేశాను. గుడ్డు పొరటులా ముద్ద కట్టింది. టీవీలో చూస్తే రెండు నిమిషాల పనిలా ఉంది. ఇలాంటి కార్యక్రమాలు చూసి వంట నేర్చుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ కార్బొనారా సంగతి చూద్దాం. గుడ్డు సొన సుమారు 65 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది, ఇంకాస్త వేడెక్కితే గడ్డకడుతుంది. కాబట్టి పొయ్యి ఆర్పేసి, బాణలి ఒక నిమిషం చల్లారాకే గుడ్డు, పెకొరీనో (గొర్రె పాల చీజ్) కలిపిన మిశ్రమం పోయండి. పాస్తా ఉడికించిన నీళ్లు కాసిని పక్కన ఉంచుకుని, కొద్దికొద్దిగా పోస్తూ ఆపకుండా కలపండి. ఆ నీళ్లలోని గంజి వల్ల సాస్ విరగకుండా నున్నగా వస్తుంది. క్రీమ్ అక్కర్లేదు. టీవీలో సాధారణంగా ఎడిటింగ్‌లో పోయేది సరిగ్గా ఆ ఒక్క నిమిషమే. మీ చేతిలో లోపమేమీ లేదు.

వంట చేతికి రావాలంటే ఈ షోలు చాలవు. కానీ ఏ వంట ఏ నేలలో ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే నాకు వీటిని మించినవి కనబడలేదు. నేను పక్కన మ్యాప్, నోట్‌బుక్ పెట్టుకుని చూస్తాను. ఊరి పేరు వినబడగానే పాజ్ చేసి మ్యాప్‌లో వెతుకుతాను. రోమ్ వాళ్ల నాలుగు పాస్తాలు నాకు అలాగే అర్థమయ్యాయి. గ్వాంచాలే అనే ఉప్పు పట్టించిన పంది దవడ మాంసం, పెకొరీనో, మిరియాలు కలిస్తే గ్రీచా. దానికి టమాటా చేరిస్తే అమత్రిచానా, గుడ్డు చేరిస్తే కార్బొనారా. మాంసం తీసేస్తే కాచో ఎ పెపె. నాలుగింటిలోనూ ఉన్నది గొర్రె పాల చీజే, ఎందుకంటే మధ్య ఇటలీ కొండలు గొర్రెల కాపరుల నేల. ఉత్తరాన ‘పో’ అనే నది మైదానానికి వెళ్తే పచ్చిక, ఆవులు. అక్కడ ఆవు పాలతో చేసే పార్మిజానో చీజ్. ఒక్కో చక్రం సుమారు 40 కిలోలు, దానికి 550 లీటర్ల దాకా పాలు పడతాయి, కనీసం 12 నెలలు మాగబెడతారు. ఇది తెలిశాక రెసిపీలో ఒక చీజ్ బదులు ఇంకొకటి వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఈ ‘పో’ నది వెంటే ఇలాంటి కార్యక్రమాల తొలి అడుగులూ పడ్డాయి. ఇటలీలో టీవీ ప్రసారాలు మొదలైంది 1954లో. ఆ తర్వాత మూడేళ్లకే, 1957లో, రచయిత, దర్శకుడు మారియో సొల్దాతి అసలైన తిండి వెతుక్కుంటూ ఆ లోయంతా తిరిగి ఇటలీ ప్రభుత్వ టీవీ సంస్థ రాయ్‌కి సిరీస్ తీశారు. బ్రిటన్ టీవీ వంటగాడు కీత్ ఫ్లాయిడ్ 1987లో ఫ్రాన్స్ మీద చేసిన సిరీస్ చూడండి. తర్వాత 2005లో మరో బ్రిటన్ వంటగాడు రిక్ స్టైన్ ఫ్రాన్స్‌లోనే బోర్డో నుంచి మార్సెయ్ దాకా కాలువల మీద పడవలో వెళ్లిన ప్రయాణం చూడండి. రెండింటి వెనుకా ఉన్న నిర్మాత డేవిడ్ ప్రిచర్డే. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. పడవ నెమ్మదిగా పోతుంది కాబట్టి చూసే మనకూ తొందర ఉండదు.

ఈ షోలలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. హోస్టు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు, కెమెరా అక్కడే ఆగిపోతుంది. పొద్దున్నుంచీ పిండి పిసికిన పెద్దావిడ పక్కనే నిలబడి ఉంటుంది, ఆమెను ఒక్క మాటా అడగరు. నేను షో మంచిదా కాదా అన్నది ఆ చేతులను ఎంతసేపు చూపించారన్న దాన్నిబట్టే చెప్తాను. ఆ లెక్కన 2018లో వచ్చిన, వంటల రచయిత్రి సమీన్ నొస్రత్ సిరీస్‌లో ఇటలీ ఎపిసోడ్ మీకు పనికొస్తుంది. వండేవాళ్ల పక్కన నిలబడి, అడిగి, తనూ చేసి చూస్తుంది.

ప్రశ్న: నేను మాంసం తినను. ఇవి చూసి నేను చేసుకోదగ్గవి ఉంటాయా?
- మరో పాఠకురాలు

జవాబు: చాలా ఉన్నాయి. ఇటలీ వాయవ్యాన ఉన్న లిగూరియా తీరం ఎపిసోడ్లతో మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: పార్మిజానోలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి, పెకొరీనో రొమానోలో గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది మీకు అభ్యంతరమైతే అక్కడి సంప్రదాయ పెస్తోలోనూ (తులసి జాతి ఆకుల పచ్చడిలాంటి సాస్) ఇలాంటి చీజ్ ఉంటుందని గుర్తుంచుకోండి. అక్కడి శనగపిండి రొట్టె ఫరినాతాలో ఆ సమస్యే లేదు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పిండి కలిపి కొన్ని గంటలు నాననివ్వండి, తేలిన నురగ తీసేయండి, ఓవెన్ బాగా కాలాక పలుచగా పోయండి.