ఆకు మచ్చ ఫొటో చూసి శిలీంధ్రం జాతి చెప్పగలరా?

శాస్త్రవేత్తలు ఫొటో చూసి శిలీంధ్రం ఏ జాతిదో తేల్చగలరా అని మీరు అడిగారు. ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం బోధించినవాడిగా నా సమాధానం ఒక్కటే: తేల్చలేరు, తేల్చామన్నవారిని నమ్మకండి.

ఇందుకూరుపేట దగ్గర మా బావ మొలగొలుకుల వరి వేసిన ఏడాది, మార్గశిరపు మంచులో ఆకుల మీద మచ్చలు లేచాయి. మందుల దుకాణంవాడు సెల్‌ఫోనులో ఫొటో చూసి, అగ్గి తెగులేనని మందు చేతిలో పెట్టాడు. "ఆకు చూడకుండానే ఎట్టా చెప్పాడు బావా?" అని నేనడిగితే, "ఆయన రోజూ చూసేవే గదా" అన్నాడు. నాలుగు ఆకులు తెప్పించి, గాజుపళ్లెంలో తడి కాగితం పరచి, వాటిని దాని మీద ఉంచి మూతపెట్టాను. మర్నాడు మచ్చ మీద మొలిచిన నూగును సూదితో తీసి సూక్ష్మదర్శినిలో చూశాను. అగ్గి తెగులైతే బేరిపండు ఆకారంలో, మూడు గదులతో, రంగు అంతగా లేని సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే విత్తనాల్లాంటి కణాలు, కనిపించాలి. అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రానికి పిరిక్యులేరియా అన్న పేరు వచ్చిందే ఆ పండు పోలికతో. నాకు కనిపించినవి గోధుమ రంగులో, కాస్త వంగి, ఏడెనిమిది అడ్డుగోడలతో పొడుగ్గా ఉన్నాయి. అది గోధుమ మచ్చ తెగులు. పోషకాలు చాలని నేలలో ఎక్కువగా వచ్చే ఆ తెగులుకు, ముందు పొటాష్ సంగతి చూడమని బావకు చెప్పాను.

గోధుమ మచ్చ తెచ్చే శిలీంధ్రాన్ని నేను చదువుకున్నప్పుడు హెల్మింథోస్పోరియం అనేవారు, తర్వాత డ్రెక్స్‌లెరా అన్నారు, ఇప్పుడు బైపోలారిస్ అంటున్నారు. లైంగిక దశకు కాక్లియోబోలస్ అని ఇంకో పేరు. ఒకే జీవికి దశకొక పేరు పెట్టే ఆ పద్ధతికి 2013 జనవరి 1 నుంచి స్వస్తి పలికారు గాని, అప్పటికే మా పిల్లలు పరీక్షల్లో పాత పేరు రాసి మార్కులు పోగొట్టుకున్నారు.

అయితే సిద్ధబీజం ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. వరి మీది పిరిక్యులేరియా, డిజిటేరియా అనే గడ్డి మీది పిరిక్యులేరియా చూపుకు ఒకేలా ఉంటాయి. 2002లో మూడు జన్యువులను పోల్చిన తరువాతే వాటిని వేర్వేరు జాతులుగా విడదీశారు. 2012లో శిలీంధ్రాలన్నిటికీ గుర్తింపు చిహ్నంగా ప్రతిపాదించిన ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం కూడా ఫ్యూసేరియం వంటి ప్రజాతుల్లో దగ్గరి జాతులను విడదీయలేదు, అక్కడ వేరే జన్యువులు వెతకవలసిందే. మా బావ మాత్రం ఇప్పటికీ ఫొటోలే పంపుతాడు. ఆకులు పాత పేపరులో చుట్టి బస్సులో పంపమని నేను తిరిగి ఫోను చేస్తాను.